భుజం మీద లేని కంబళి

పోలింగు రోజు, మిట్టమధ్యాహ్నం. బెళుగుప్ప ఊరి దాపున బీడు నేలలో ఒక తుమ్మచెట్టు, దాని కింద సుంకప్ప గొర్రెల మంద. ఎండ ముదిరితే గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి కదలకుండా నిలబడతాయి. అప్పుడు కాపరికి పని ఉండదు. కానీ ఆ పొద్దు సుంకప్పకు కాలు నిలవలేదు. పొద్దున ఓటేసి వచ్చినాడు. బూతు కాడ గుంపుగా నిలబడినోళ్ల చూపులు బాగలేవు.

ఊరి పక్కనుంచి ఒక మనిషి పరిగెత్తుకుంటా వచ్చినాడు. చొక్కా చినిగింది, ఒక కాలికి చెప్పు లేదు. దగ్గరికొచ్చినాక తెలిసింది, విలేకరి చంద్రమోహన్. పోయినేడు రోగమొచ్చి గొర్రెలు చస్తాంటే డాక్టరు రాలేదని పేపర్లో రాసినోడు. ఆ రాతకే డాక్టరు వచ్చినాడు.

"అన్నా, నీళ్లు."

తాగినాడు. సగం గడ్డం మీదనే పోయింది.

"బూతులో అవతలి పార్టీ ఏజెంటును కొట్టి బయటికి ఈడ్చినారన్నా. వాళ్లే ఓట్లు గుద్దుకున్నారు. వీడియో తీసినా. ఈడ సిగ్నల్ లేదు. ఫోను పెరుక్కునేదానికి వస్తాండారు. నన్నూ వదలరు."

దూరంగా జీపు దుమ్ము లేచింది. సుంకప్ప చుట్టూ చూసినాడు. బీడంతా అరచెయ్యి మాదిరి ఉండాది. తుమ్మచెట్టు మనిషిని దాచేంత లావు లేదు.

"మందలోకి దూరు."

"బెదరవా?"

కొత్త వాసనకు బెదురుతాయి. సుంకప్ప భుజం మీది నల్ల కంబళి తీసి ఆయన నెత్తిన కప్పినాడు. పుట్టినప్పటి నుంచి గొర్రెలకు తెలిసిన వాసన అది. చంద్రమోహన్ నడిమధ్యన ముడుచుకోని కూర్చున్నాడు. గొర్రెలు ఒక్కసారి కదిలి, మళ్లా తలలు దించినాయి.

జీపు ఆగింది. ముందు దిగినోడు కుళ్లాయప్ప, ఓట్లు గుద్దుకున్న పార్టీకి ఊర్లో పెద్ద. వెనక జయరాం. వానిది గొర్రెలోళ్ల ఇల్లే. వాళ్ల నాయన, సుంకప్ప కలిసి మంద తిప్పినోళ్లు.

"ఏమప్పా, పేపరోడు ఇట్ల వచ్చినాడా?" అన్నాడు కుళ్లాయప్ప.

"యా పేపరోడు?"

"అబద్ధమాడితే రేపటినుంచి నీ మంద ఈ బీట్లో మేయదు."

"మేసేదానికి ఈడేముండాదప్పా, రాళ్లు. కావల్లంటే నువ్వూ నాలుగు నోట్లో ఏసుకో."

జీపులో ఎవడో కిసుక్కుమన్నాడు. కుళ్లాయప్ప తిరిగి చూసేసరికి నోరు మూసుకున్నాడు.

జయరాం నవ్వలేదు. సుంకప్ప భుజాన్నే చూస్తాండాడు.

"మామా, కంబళి యాడ?"

పెండ్లికి పోయినా, సంతకు పోయినా కంబళి దించని కులం. పొద్దున ఓటుకు పోయినప్పుడు కూడా ఉండింది. మిగతా వాళ్లకు పట్టని సంగతి, వీనికి పట్టింది.

"ఇంట్లో మర్సినా."

జయరాం మంద వైపు చూసినాడు. నడిమధ్యన, గొర్రెల వీపుల నడుమ, నల్లని మూపు ఒకటి. వాడు పక్కకు తిరిగి ఉమ్మినాడు.

"ఈడ టైము పాడు చేస్తాండాము అన్నా. వంక పక్క పోయింటాడు, పదండి."

జీపు పోయింది. జయరాం చూసినాడా? చూసి, దారిలో చెప్పి మళ్లా తోలుకొస్తాడా?

చంద్రమోహన్ చెమటతో తడిసిపోయి బయటికొచ్చినాడు. కంబళి తీయబోతే సుంకప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"తీయొద్దు. ఈ కట్టె కూడా పట్టుకో. ఆ గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తాది. పరిగెత్తబాకు. కాపరి పరిగెత్తడు."

"మరి నీకు, అన్నా?"

"పో."

ఆ నల్లని మూపు గుట్ట దాటేదాకా సుంకప్ప కూర్చోలేదు. చెయ్యి ఊరికే భుజం తడుముతానే ఉండింది.

పొద్దు వాలినాక బైకు మీద జయరాం ఒక్కడే వచ్చినాడు. సుంకప్ప కట్టె కోసం చెయ్యి చాపినాడు. కట్టె లేదు.

జయరాం బైకు వెనక కట్టిన చుట్ట విప్పినాడు. పాత కంబళి.

"మా నాయనది. ఏసుకో. ఖాళీ భుజం నాకు కనపడినట్ల ఇంకొకనికి కనపడుతుంది."

సుంకప్ప అందుకోలేదు. "ఆ పేపరోడు?"

"టౌనుకు చేరినాడు. వీడియో అందరి ఫోన్లలోనూ ఉండాది. ఆ బూతులో మళ్లా ఓటింగు పెట్టల్లని అంటాండారు. కుళ్లాయప్ప పిచ్చెక్కినట్ల తిరుగుతాండాడు, ఎవరు దాచినారని."

"నువ్వు వాని జీపులోనే ఉంటివి గదరా."

జయరాం నేల చూసినాడు. "ఉంటి. రేపూ ఉంటా. నువ్వు మాత్రం తెల్లారకముందే మంద లేపి కణేకల్ పక్క పో మామా. కాలువ నీళ్లుంటాయి."

వాడు పోయినాక సుంకప్ప ఆ కంబళి భుజాన ఏసుకున్నాడు. గొర్రెలు తలలెత్తినాయి. కొత్త వాసనకు చెవులు నిక్కించి వెనక్కి తగ్గినాయి.

"హుర్ర్," అన్నాడు సుంకప్ప.

గొంతు పాతదే. తెల్లారేదాకా కాసుకోకుండా అప్పుడే కణేకల్ దారి పట్టినాడు. గొర్రెలు ఒకటొకటే వెనక కదిలినాయి.