మెట్ల మలుపులో పెట్టె

డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేయడం చిన్న కోడలి పని. మేడమీది గదిలో కూర్చుని చేసుకునేది. కింద వాటాలో పెద్ద కోడలి కాపురం. ఆమె నర్సు. తోడికోడళ్ళ మధ్య గొడవలేమీ లేవు గానీ, వంటలు వేరయ్యాక మాటలు కాస్త పలచబడ్డాయి.

కొన్నాళ్ళుగా చిన్న కోడలికి నెట్‌తో పేచీ మొదలైంది. ఒక్కోసారి బాగానే పనిచేసేది. ఒక్కోసారి సిగ్నల్ నిండుగా చూపిస్తూనే ఒక్క పేజీ కూడా తెరుచుకునేది కాదు. నెట్ పెట్టె కింద హాల్లో ఉంది. చూద్దామని దిగినప్పుడల్లా పెద్ద కోడలు ఫోన్లో ఏదో వీడియో చూస్తూ కనబడేది.

“అక్కా, నీకు నెట్ వస్తోందా?”

“వస్తోందిగా. నీకు రావట్లేదా?”

పక్కింటావిడ ఓ మాట అంది: “మా వాడు చదవకపోతే వాడొక్కడికే నెట్ ఆపేస్తాను. అంతా ఫోన్లోంచే.” ఆ మాట చిన్న కోడలి మనసులో పడి కుదురుగా ఉండనివ్వలేదు.

చివరికి ఒక అర్జంటు రిపోర్టు వేళకు పంపలేకపోయింది. ఇక కొన్నాళ్ళు పని ఇవ్వలేమని కంపెనీ వాళ్ళు చెప్పేశారు. ఆమె విసవిసా మెట్లు దిగింది. పెద్ద కోడలు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది.

“నా పని పోయింది. ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా? నేను సంపాదించుకుంటుంటే ఓర్వలేక నా ఒక్కదానికే నెట్ ఆపేస్తున్నావు కదూ.”

“నేనా?” అంది పెద్ద కోడలు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు నెట్ మెకానిక్ వచ్చాడు. హాల్లోని పెట్టె నుంచి మెట్లవైపు పోయిన వైరు వెంబడే వెళ్ళి, మెట్ల మలుపులో చెప్పుల స్టాండు వెనకనుంచి ఒక పాత పెట్టె బయటికి తీశాడు.

“ఇదమ్మా సంగతి. ఫోనైనా లాప్‌టాపైనా నెట్‌లోకి రాగానే ‘నాకో అడ్రసు ఇవ్వండి’ అని అడుగుతుంది. ఆ అడ్రసూ, బయటికి ఏ దారిన వెళ్ళాలన్నదీ చెప్పడానికి ఇంట్లో ఒక్క పెట్టే ఉండాలి. మీ ఇంట్లో రెండు పెట్టెలు చెబుతున్నాయి. ఏది ముందు పలికితే దాని మాటే చెల్లుతుంది. దీనికేమో బయటికి దారే లేదు.”

“మరి కింద ఫోన్లు బాగానే ఉన్నాయిగా?” అంది చిన్న కోడలు.

“కింద అసలు పెట్టె పక్కనే ఉంది, అదే ముందు పలుకుతోంది. మీకు ఇది దగ్గర. ఇంతకీ దీన్ని ఎవరు పెట్టారు?”

“నేనే పెట్టాను,” అంది పెద్ద కోడలు, గుమ్మంలోంచి. “నీ గదికి సిగ్నల్ అందట్లేదని ఆమధ్య అన్నావుగా. మా ఆసుపత్రిలో తీసేసిన పెట్టె ఇది. అక్కడ కంప్యూటర్లు చూసే ఆయన, మన ఇంటి నెట్ పేరూ పాస్‌వర్డే దీనికీ పెట్టిచ్చి, వైరు గుచ్చితే చాలన్నాడు.”

“నాకు చెప్పొచ్చుగా అక్కా.”

“చెప్పేంత ఘనకార్యమా అనుకున్నా.”

“ఒక ఇంట్లో ఇద్దరి పెత్తనం కుదరదమ్మా,” అని నవ్వాడు మెకానిక్. ఇద్దరూ చెరోవైపు చూశారు. అతను పాత పెట్టె అడ్రసులు ఇవ్వకుండా ఆపి, సిగ్నల్‌ను పైకి అందించే పని మాత్రం దానికి వదిలి వెళ్ళిపోయాడు.

సాయంత్రం చిన్న కోడలు కిందికి దిగింది. పెద్ద కోడలు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

“నోరు జారాను అక్కా. మనసులో పెట్టుకోకు.”

“సరేలే. నీ పని పోయింది నేను తెచ్చిన పెట్టె వల్లేగా,” అంది ఆమె, ఇస్త్రీ ఆపకుండానే.

కొన్నాళ్ళకు కంపెనీ వాళ్ళు మళ్ళీ పిలిచారు. నెట్ ఇప్పుడు ఒక్కసారి కూడా ఆగడం లేదు. ఇదివరకు పెద్ద కోడలు బట్టలు ఆరేయడానికి మేడమీదికి వస్తే, ఆ గదిలో కాసేపు కూర్చుని ఆసుపత్రి కబుర్లు చెప్పేది. ఇప్పుడు కింద వరండాలోనే తాడు కట్టించుకుంది.