మెత్తగా పోయే బండి

పులిహోర డబ్బా మూత బిగిస్తుండగానే కింద హారన్ మోగింది. "ఇంకా ఏం సదురుతానవ్? నీకోసం గుడి తెరిచి పెట్టుకోని కూసుంటరా?" భర్త సదానందం కేక. చీకటితో లేచి వండింది, పాప అక్షరకు జడలు వేసింది, అత్తమ్మ మందులు సంచిలో పెట్టింది శోభారాణే. ఆలస్యం కూడా ఆమె ఖాతాలోనే పడింది.

కారులో కూర్చోగానే మీటర్ల మధ్య పసుపు లైటు కనిపించింది. కుదుపులను ఆపే షాకబ్జర్ల గుర్తు.

"ఇదెప్పటి సంది వస్తాంది?"

"వారమైతాంది. వైరేదో లూజైందట. బండి ఇంకా మెత్తగనే పోతాంది."

ఆ మెత్తదనమే ఆమెను భయపెట్టింది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ ఆమె పరిశోధిస్తున్నది ఇలాంటి షాకబ్జర్ల మీదే. మామూలువి కంపెనీలో ఎలా బిగిస్తే అలాగే పనిచేస్తాయి. వీటిలో మాత్రం చక్రాల కదలికను చూసి కంప్యూటరు రెప్పపాటులో బిగువు మారుస్తుంది. గుంతల్లో మెత్తన, మలుపుల్లో గట్టి. కరెంటు అందకపోతే ఈ కారులో అవి మెత్తగానే ఉండిపోతాయి. తిన్నని రోడ్డు మీద హాయిగానే ఉంటుంది. వేగంగా మలుపు తిప్పితే బండి ఒరిగిపోతుంది.

"రిపేరు చేయించేదాక జర మెల్లగ పోండి."

"అమ్మా, విన్నవా? నీ కోడలు స్ప్రింగుల డాక్టరు." చుట్టాల ముందు ఎన్నిసార్లు వేశాడో ఈ జోకు. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వేది.

వెనక సీట్లోంచి అత్త చిలుకమ్మ, "మొగోడు బండి నడుపుతాంటె నడుమల మాట్లాడద్దు బిడ్డా" అంది.

వరంగల్ దాటాక వేగం పెరిగింది. పాలకుర్తి రోడ్డులో ప్రతి ఎత్తుకూ కారు పడవలా ఊగి, ఎంతకీ కుదుటపడటం లేదు. శోభారాణి పాదం తనకు తెలియకుండానే నేలను నొక్కుతోంది. అద్దంలో అక్షర నిద్రపోతూ కనిపించింది. భయం రోడ్డును చూసా, మళ్లీ నోరు విప్పితే మారిపోయే ఆయన మొహాన్ని తలుచుకునా? ఆమెకే తెలియలేదు.

మలుపులో లారీ ఎదురైంది. సదానందం స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాడు. కారు ఒక పక్కకు వాలిపోయి, ఇంకో పక్కకు విసురుగా ఊగి, రోడ్డు దిగి కంకరలో జారుతూ కాలువ గట్టున ఆగింది. లారీ హారన్ చాలా దూరం వినిపించింది. పాప ఏడుపందుకుంది.

"నీ వల్లనే! పక్కన కూసోని భయపెడితె చెయ్యి వణకదా?" అంటూ ఆయన మళ్లీ స్టార్ట్ చేశాడు.

శోభారాణి దిగింది. వెనక తలుపు తీసి పాపను ఎత్తుకుంది.

"మేం రాము. బస్సుల పోతం."

"నడిరోడ్డు మీద తమాషానా? ఎక్కు!"

ఆమె కదల్లేదు.

"అమ్మా, నువ్వన్న చెప్పు దీనికి!"

చిలుకమ్మ మెల్లగా కాళ్లు బయట పెట్టి, చెయ్యి చాచింది.

"జర పట్టుకో శోభా, నేను గూడ దిగుత. వీడు బండి నేర్చిన కాన్నుంచి నాకు భయమే. ముందుగాల ఎవలన్న దిగుతరేమోనని సూస్తాన."