తలుపు చెక్కలో నేరేడు నీడ

సాయంత్రం నాలుగయ్యేసరికి రాజధాని శివార్లలోని ద్వారకలో ఆ అపార్ట్‌మెంట్ సొసైటీ పిల్లలంతా బ్యాట్లు పట్టుకుని కిందికి దిగిపోయేవాళ్ళు. మూడో అంతస్తులో నేహా మాత్రం కర్టెన్ సందులోంచి చూస్తూ ఉండిపోయేది. ఎండ తగిలితే ఎనిమిదేళ్ళ ఆ పిల్లకి ఒళ్ళంతా పొక్కులొచ్చేస్తాయి. పొద్దు గుంకాక తను దిగేసరికి తల్లులు హోంవర్కులున్నాయంటూ మిగతా పిల్లల్ని పైకి పిలిచేసేవాళ్ళు. ఖాళీ పార్కులో ఒక్కతే కాసేపు తిరిగి వచ్చేసేది. అది రెండువేల నాలుగు. సొసైటీ కొత్తది. నాటిన మొక్కలు ఇంకా మోకాలెత్తయినా రాలేదు.

కింద ఫ్లాట్ లక్ష్మీపతిగారు రైల్వేలో రిటైరైన మనిషి. వెనక ఖాళీ స్థలంలో మిషన్ బ్రష్షుతో పాత చెక్కలు తోముతూ ఉంటారు. పాత చెక్కని పద్ధతిగా తోమితే దాని చెట్టు నీడ బయటికొస్తుంది కదా. ఆయన తోమిన మామిడి స్టూలు పరిచిన నీడలోనే వాచ్‌మన్ మధ్యాహ్నం కునుకు తీస్తాడు. కానీ అవన్నీ చిన్న ముక్కలు. మహా అయితే మంచమంత నీడ.

"అంకుల్, నాకు పార్కంత నీడ కావాలి," అంది నేహా తల్లి రేవతి ఓ శనివారం.

ఆయన ఒకసారి పైన కర్టెన్ వైపు చూశారు. "అయితే ఒకే మానులోంచి కోసిన పెద్ద చెక్క దొరకాలమ్మా. కీర్తి నగర్ పోదాం పద."

కీర్తి నగర్‌లో, కూల్చిన ఇళ్ళ సామాను అమ్మే చోట అతుకుల్లేని ఒక పెద్ద తలుపు దొరికింది. నలుగురు మోస్తే గానీ కదల్లేదు. దాని మీద ఎన్నిసార్లు రంగు వేశారో! "లోపల ఏ చెట్టుందో నాకూ తెలీదు దీదీ," అన్నాడు అమ్మేవాడు. టెంపోలో ఇంటికొస్తున్నంతసేపూ రేవతి ఆ తలుపు మీద చెయ్యి తియ్యలేదు.

ఆదివారం పొద్దున్నే తలుపుని పార్కు మధ్య రెండు బల్లల మీద పడుకోబెట్టి మేకులన్నీ పీకేశారు. గ్రైండరుకి ఇనపతీగల బ్రష్షు బిగించి లక్ష్మీపతిగారు ముందుకొచ్చారు.

"నాకివ్వండి అంకుల్. నేనే తోముతాను."

"ముక్కుకి గుడ్డ కట్టుకో. కళ్ళజోడు పెట్టుకో. రెండు చేతుల్తో పట్టుకో. అదిమావంటే కొరికేస్తుంది. చెక్క గీత ఎటు పోతే నువ్వూ అటే పోవాలి."

మిషను గుర్రుమంది. ఆకుపచ్చ రంగు పొడిపొడిగా లేచింది. దాని కింద నీలం, దాని కింద ఏదో మట్టిరంగు. అంతలో గడ్డి మీద అరచేయంత నీడ పడింది. పక్కన ఇంకొకటి. ఆకు నీడలు! గాలి లేకపోయినా కదులుతున్నాయి. పిల్లలు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చారు. పైన కర్టెన్ ఊగింది. రేవతి అటు చూసింది. చేతులు తొందరపడ్డాయి. బ్రష్షు అడ్డంగా జారి చెక్కని కసుక్కున కొరికింది.

నీడలో పళ్ళెమంత ఎండ చిల్లు పడింది.

"ఆపు, ఆపు!" అని లక్ష్మీపతిగారు స్విచ్ కట్టేశారు.

"పూడుతుందా అంకుల్?" రేవతి బ్రష్షు కొరికిన చోటుని వేలితో తడిమింది.

"పూడదమ్మా. మిగతాది కాపాడుకో. రంగు పెచ్చులు పోయాయి, ఇక ఇనుము పని లేదు." ఆయన నైలాన్ బ్రష్షు బిగించి ఇచ్చారు. "ఇది మెత్తనిది. గీతల్లో మట్టిని మాత్రమే తీస్తుంది. నెమ్మదిగా."

ఈసారి రేవతి బిడ్డకి తలంటినట్టు తోమింది. గీత వెంట గీత తేలింది. ఊదారంగు కలిసిన గోధుమరంగు చెక్క బయటపడింది. లక్ష్మీపతిగారు వంగి వాసన చూశారు.

"నేరేడు! రేవతీ, నేరేడమ్మా ఇది!"

ఆ మాట అంటుండగానే నీడ ఎగిసింది. ఉయ్యాలల మీదుగా, బెంచీల మీదుగా పాకి ప్రహరీ గోడెక్కి ఆగింది. పార్కంతా చల్లబడిపోయింది. వాచ్‌మన్ తన కుర్చీ తెచ్చి వేసుకున్నాడు.

"నేహా! దిగిరా!" అని అరిచింది రేవతి.

"సచ్ మే, మమ్మీ? నిజంగానా?" అంది నేహా పైనుంచి.

నేహా తండ్రి నిరంజన్ కూతురి చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గర ఆగిపోయాడు. నేహా ఒక వేలు నీడలో పెట్టి చూసుకుంది. తర్వాత చెయ్యి. ఆ తర్వాత తండ్రి చెయ్యి వదిలేసింది.

పిల్లలు ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ ఎండ చిల్లులో కాలు పెట్టినవాళ్ళు అవుట్ అని నిమిషంలో తీర్మానించుకుని, నేహాని ఫీల్డింగ్‌కి పంపారు. మే నెల పట్టపగలు, లాన్‌లో, రేవతి కూతురు బంతి వెంట పడి పరుగెడుతోంది. రేవతి దుమ్ము కొట్టుకున్న కళ్ళజోడు తియ్యడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది.

కాసేపటికి నేహా గోడ దగ్గర బోర్లా పడింది. తల్లీ తండ్రీ ఒక్క పరుగున వెళ్ళారు. రేవతి పిల్ల మెడ తడిమింది, చేతులు తడిమింది, చొక్కా ఎత్తి వీపు చూసింది. ఒక్క పొక్కు లేదు. మోకాలు మాత్రం చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

"మమ్మీ, దేఖో, ఖూన్!" నేహా ఆ మోకాలిని ప్రైజులా చూపించింది.

"పద, కడుగుతాను."

"బాద్ మే, తర్వాత మమ్మీ! ఇప్పుడు నా బ్యాటింగ్!" అంటూ కుంటుకుంటూనే పరుగెత్తింది.