కట్టె అరుగు కింది గుంజలు

సాగర్ డ్యాము కడుతున్న రోజుల్లో పటేలు రామచంద్రయ్య ఒకసారి వెళ్లి చూసొచ్చాడు. అంత పెద్ద డ్యాములో ఆయన కంటికి ఆనింది ఒక్కటే: ఇంజనీరు బంగళా ముందు నడుమెత్తున లేపిన కట్టె అరుగు. హాలియా పక్కనున్న తన ఊళ్లో అలాంటిది లేకపోవడం దేశానికే వెలితి అనిపించిందేమో, మర్నాడే ఊరి వడ్రంగి వడ్ల రఘుపతిని పిలిపించాడు.

రఘుపతి జాగా కొలిచి చెప్పాడు. "పొడుగు పదహారడుగులు పటేలా. ముందొక దూలం, ఎనకొక దూలం. ఒక్కో దూలం కింద మూడు గుంజలు. దూలాల మీద అడ్డంగ వాసాలు, వాటి మీద పలకలు."

"నడిమి గుంజలెందుకు? కింద ఎవడు సూస్తడు? గా కట్టె కటకటాలకు పెట్టు. నగిషీ మంచిగుండాలె."

"దూలం వంగుతది పటేలా."

"నన్నడగకుంట నా ఇంట్ల కట్టె ఎట్ల వంగుతదిరా?"

ముప్పై ఏళ్లుగా కట్టెతో బతుకుతున్నా రఘుపతికి ఈ కొత్త సంగతి తెలియదు. నాలుగు మూలలా నాలుగు గుంజలే పాతాడు. పని ముగిశాక పటేలు తహసీల్దారును భోజనానికి పిలిచాడు.

తహసీల్దారు వచ్చిన రోజు అరుగు మీదికి పాతికమంది ఎక్కారు. బజారుకు కనబడాలని అందరూ ముందు కటకటాల దగ్గరే గుమిగూడారు. కింద నిలబడ్డ రఘుపతికి కిర్రుమని వినిపించింది. వంగి చూస్తే ముందు దూలం నడుమ చీలిక. అరిస్తే అందరూ ఒక్కసారే ఉరుకుతారు. తువ్వాల మడిచి వీపున వేసుకుని, కిందికి దూరి, దూలానికి వీపు ఆనించాడు.

"ఎంత గట్టి కట్టడం!" అన్నాడు పైన తహసీల్దారు.

"అంతా నా తెలివే సార్. వడ్లాయనకేమెర్క?"

తర్వాత తహసీల్దారుకు పంచవర్ష ప్రణాళిక గుర్తొచ్చింది. మొదటి ప్రణాళిక నుంచే ఉపన్యాసం మొదలుపెట్టాడు. రఘుపతి కాళ్లు ఇంకాస్త ఎడంగా పెట్టి నిలదొక్కుకున్నాడు.

నీళ్ల బిందెతో వస్తున్న పటేలు భార్య గోపమ్మకు అరుగు కింద రెండు కాళ్లు కనిపించాయి. వంగింది. "ఏమాయె రఘుపతీ?"

"అమ్మా, జర మెల్లగ దించుండ్రి. ఉరికితే కూలుతది."

గోపమ్మ మెట్ల దగ్గరికి పోయి, "అన్నం సల్లారుతాంది సార్, ఒకరెనుక ఒకరు దిగుండ్రి," అంది. ప్రణాళిక అక్కడితో ఆగింది. తహసీల్దారే ముందు దిగాడు.

పటేలు ఒక్కడే దిగలేదు. రఘుపతి పాక్కుంటూ బయటికి వచ్చి, "దూలం చీలింది, దిగు పటేలా," అని బతిమాలాడు.

"ఏది చీలింది? సూడు!" అని పటేలు కాలెత్తి పలకల మీద ఒక్క తన్ను తన్నాడు. దూలం విరిగింది. కటకటాలతో సహా పటేలు నేలమీదికి వచ్చాడు. నగిషీకి ఏమీ కాలేదు, ఆయన మడమే బెణికింది.

నెల తిరక్కుండా ఆరు గుంజల అరుగు లేచింది. వచ్చినవాళ్లందరికీ పటేలు నడిమి గుంజలు చూపించేవాడు. "ఇంజనీరుకు గూడ తోచలే. నా ఆలోచనే."

"ఔను పటేలా," అన్నాడు మెట్టు చిత్రిక పడుతున్న రఘుపతి.

"ఆలోచన ఆయనదే," అంది గోపమ్మ మజ్జిగ అందిస్తూ. "వీపు రఘుపతిది."

వచ్చినవాళ్లకు అర్థం కాలేదు. రఘుపతికి నవ్వొచ్చింది గానీ, నడుము పట్టేసి సగంలోనే ఆపుకున్నాడు.