కొండ కింద మడి

తులసీబాయి మడి కట్టుకుంటే ఆదోనిలో ఆమె వంటింటి గడప ఎవరూ తొక్కరు. ఆ పొయ్యిని ఇద్దరు కోడళ్ళకూ ఏనాడూ అప్పగించలేదు. గడప అవతల కూర్చున్న మనవరాలు మేధ తన ఉద్యోగం గురించి చెబుతోంది. ఇంతవరకూ ఎవరికీ చిక్కని ఒక కణాన్ని వెతకడానికి కొండ కింద పాత గనిలో ఒక పరికరం పెట్టి, దాన్ని ఏదీ తాకకుండా కాపలా కాస్తారట.

"అంత లోతుకు తాకను ఏమొస్తాదే?"

"ఆకాశం నుంచి మ్యువాన్లని సన్న కణాలు కొండను తొలుచుకోని వస్తాయవ్వా. అవి వస్తే మాకు తెలుస్తాది. కానీ పక్కనున్న రాయికి తగిల్తే, ఆ రాయిలోంచి న్యూట్రాన్ ఎగిరొస్తాది. అది వచ్చేది కనపడదు. మేము వెతికే కణమే అనిపించి మోసం చేస్తాది."

తులసీబాయి చేతిలో గరిటె ఆగింది. ముట్టుకున్నదాన్ని ముట్టుకున్నది! జన్మంతా ఆమె భయపడింది దానికే. ఇంటిల్లిపాదీ చాదస్తమన్నారు, అందరికన్నా ఎక్కువగా ఈ మేధే.

"దాన్ని ఎట్ల ఆపుతారు?"

"పరికరం చుట్టూ నీళ్ళు నింపుతామవ్వా. న్యూట్రాన్లు చాలావరకు నీళ్ళు దాటి రాలేవు."

తులసీబాయి గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి పక్కకు జరిగింది.

"పోయి నీళ్ళు పోసుకోని రా. ఈ పొద్దు నైవేద్యం నువ్వే చెయ్యి. నాకన్నా నీదే గట్టి మడి."