చాలని గుడ్డ

మీటరన్న గుడ్డను మీటరు కొలిచే ఇనుప కర్రమీద పరిచి, ఎడమచేతి బొటనవేలితో అంచు నొక్కిపట్టి, కుడిచేత్తో కొద్దిగా లాగాడు. కొద్దిగానే. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు ముడతలు తీస్తున్నట్టే ఉంటుంది. అలా లాగిన ప్రతి మీటరుకూ రెండువేళ్ల గుడ్డ షాపులోనే ఉండిపోతుంది. కత్తెర నోరు ఒక్కసారి తెరుచుకుని, మళ్లీ మూతపడకుండానే ఈ అంచు నుంచి ఆ అంచుదాకా సర్రున జారిపోయింది. ముక్కను మడిచి, అలవాటుగా దానిమీద ఒక తట్టు తట్టి, కొనుక్కున్నాయన చేతికిచ్చాడు.

అందరికీ మీటరన్నే; అసలు పేరు షాపులో ఎవరికీ గుర్తులేదు. పెళ్లికాకముందు వచ్చి ఈ బల్ల వెనక నిలబడ్డాడు. ఇప్పుడు గడ్డం సగం నెరిసింది. పొట్ట ఆనే చోట బల్ల అంచు నున్నగా అరిగిపోయింది. సన్నటి మనిషి, భుజాలు ముందుకు వంగి ఉంటాయి, కత్తెర పట్టే బొటనవేలి పక్కన కాయ కాసింది. గుడ్డ కొలిచేటప్పుడు కర్రను తప్ప మరి దేన్నీ చూడడు. ఎంత శ్రద్ధో అనుకుంటారు కొనేవాళ్లు. ఎదుటి మనిషి మొహం చూస్తే చెయ్యి సాగదని అతనికొక్కడికే తెలుసు.

ఆ పని నేర్పింది షాపు యజమాని సేటే. చేరిన కొత్తలో పక్కన నిలబెట్టుకుని చూపించాడు. "దీన్ని లాగడం అనరు, సర్దడం అంటారు" అని కూడా చెప్పాడు. సేటు చెడ్డవాడేం కాదు. మసీదులో ఎప్పుడూ ముందువరసలోనే ఉంటాడు. ఏటా పేదలకు బట్టలు పంచుతాడు, చెయ్యి దాచుకోడు. ఆ పంచే గుడ్డను కూడా సర్ది కోయమంటాడన్నదే ఇందులో ఉన్న చిన్న తిరకాసు. దానం చేసేదాంట్లో కూడా రెండువేళ్లు వెనక్కి తీసుకోవడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

మొన్న శుక్రవారం ఇమాంగారు కొలతల గురించే మాట్లాడారు. తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ల గతి ఏమవుతుందో నెమ్మదిగా, ఎవరివైపూ చూడకుండా చెప్పారు. సేటు కళ్లు తుడుచుకున్నాడు. మీటరన్న చాప అల్లికను చూస్తూ కూర్చున్నాడు. శనివారం షాపు తెరిచాక ఇద్దరూ ఎప్పటిలాగే పనిలో పడ్డారు.

ఇవాళ పొద్దున్న రద్దీ కాస్త తగ్గుతున్న వేళ ఒకామె పొట్లంతో వచ్చింది. వెనక్కి వెనక్కి జరుగుతూ, ముందున్నవాళ్లంతా వెళ్లేదాకా ఆగి, అప్పుడు బల్ల దగ్గరకు వచ్చింది.

"అన్నా, మొన్న తీసుకెళ్లాను. స్కూలు బట్టలు. పిల్లలిద్దరికీ రావాలి, దర్జీ చాలదంటున్నాడు. కొలతలో ఏమన్నా పొరపాటు జరిగిందేమో, ఒక్కసారి చూస్తారా?"

గొంతు తగ్గించే అడిగింది. కానీ సేటు చెవులు పాముచెవులు. గల్లాపెట్టె దగ్గర్నుంచే గట్టిగా అన్నాడు. "మా షాపులో పొరపాటా? మీటరూ, ఆవిడ ఎదురుగానే కొలువు. నలుగురూ చూస్తారు."

నలుగురూ చూశారు. మీటరన్న పొట్లం విప్పాడు. ఈసారి వదులుగా పరుద్దామనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ సేటు చూస్తున్నాడు, ఇంట్లో కూతురి కాలేజీ ఉంది, ఈ వయసులో ఇంకో బల్ల వెనక నిలబెట్టుకునేవాళ్లు లేరు. బొటనవేలు నొక్కింది, కుడిచెయ్యి సర్దింది. గుడ్డ సరిగ్గా గీతకు వచ్చి ఆగింది.

"సరిగ్గానే ఉందమ్మా" అన్నాడు, కర్రను చూస్తూ.

"దర్జీలు ముక్కలు మిగుల్చుకుంటారమ్మా, వాళ్లని అడగాలి" అన్నాడు గుడ్డ కొనడానికి వచ్చిన ఒకాయన. ఎవరో నవ్వారు. ఆమె మొహం కందిపోయింది. గబగబా పొట్లం కట్టుకుంటూ, "ఏమనుకోకండన్నా, తెలీక అడిగాను" అంది.

ఆమె తనకు క్షమాపణ చెప్పింది. మీటరన్నకు ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కిపోయింది. ఆమె మెట్లు దిగి, ఎండలో గుడ్డను రెండుచేతులా పొట్టకు అదుముకుని వెళ్లిపోతుంటే పిలుద్దామనుకున్నాడు. ఏమని పిలవాలో తెలియలేదు. ఇంతలో ఇంకెవరో పరుపుల గుడ్డ చూపించమన్నారు.

మధ్యాహ్నం అన్నానికి అక్క ఇంటికే వెళ్తాడు. షాపు వెనక సందులోనే. ఒకటే గది, దాని ముందు రేకుల వరండా. వరండా నిండా కూర్చునేచోట చిరిగిన కుర్చీలు. బావ వాటికి కొత్తగా వైరు అల్లుతాడు. నిలువెత్తు మనిషి, ఆ గుమ్మంలోంచి ఏనాడూ తల వంచకుండా లోపలికి వెళ్లింది లేదు. పని మొదలుపెట్టబోతూ చొక్కా విప్పి మేకుకు తగిలిస్తున్నాడు.

ఆ చొక్కాను చూస్తే మీటరన్న నోరు ఊరుకోదు. ఒళ్లంతా నీలం, మోచేతుల దగ్గర్నుంచి మణికట్టుదాకా బూడిదరంగు. ఆ నీలం గుడ్డ మీటరన్న తన సొంత డబ్బుతో కొని, తన చేత్తో కోసి, బావకు పెట్టింది.

"ఏం బావా, ఇవాళ కూడా చేతులు అరువు తెచ్చుకున్నావా?"

"ఫ్యాషన్రా. గుడ్డలు అమ్మేవాడివి, వేసుకునేవాడి సంగతి నీకేం తెలుస్తుంది?" అన్నాడు బావ, ఎప్పటిలాగే.

అక్క కంచం పెడుతూ విసుక్కుంది. "ఈయన ఫ్యాషను సరే, బేరం చూడు. పెద్దింటాయన కుర్చీలన్నీ పారేసి కొత్తవి కొంటానంటే, వద్దండీ కాళ్లు గట్టిగానే ఉన్నాయి, కూర్చునే చోట అల్లితే చాలన్నాడట. ఒకసారి ఈయన అల్లితే ఆ కుర్చీ మళ్లీ మన గుమ్మం తొక్కదు. మనం తినేదేంటి, వైరా?"

"తింటూనే ఉన్నాంగా" అన్నాడు బావ. "మనమిక్కడ అద్దెకున్నవాళ్లమే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడలకున్న మేకులు పీక్కెళ్తామా? ఉన్నన్నాళ్లు గోడ పాడుచెయ్యకుండా ఉంటే చాలు, యజమాని మెచ్చుకుంటాడు."

మీటరన్న చేతిలో ముద్దను కంచంలోకి దించాడు. ఈ లోకంలో ఒక్క మనిషి తనను మంచివాడనుకోవాలంటే అది ఈ బావే కావాలి. చిన్నప్పుడు నాన్న పోయాక చెయ్యి పట్టుకుని నమాజుకు తీసుకెళ్లింది ఈయనే. ఆ పొట్లం పట్టుకుని వచ్చినామె సంగతి ఈయనకే చెప్పాలి, తిడితే పడాలి. కంచంలో వేళ్లు తిప్పుతూ కూర్చున్నాడు.

"బావా, పొద్దున్న షాపులో..."

"ఊఁ?"

"ఏం లేదు. రద్దీ ఎక్కువగా ఉంది."

బావ వైరు పంటికింద పెట్టి తెంపి, అతనివైపు కాసేపు చూశాడు. "సాయంత్రం రా. తీరిగ్గా చెప్పు" అన్నాడు.

సాయంత్రం చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకున్నాక మీటరన్నకు కాస్త తేలికైంది. షాపుకు వెళ్లి రెండు తానులు విప్పాడో లేదో అక్క ఫోను చేసింది.

"మీ బావ లేవట్లేదురా."

అతను పరిగెత్తి వెళ్లేసరికి బావ గోడకు ఆనుకునే ఉన్నాడు. సగం అల్లిన కుర్చీ కాళ్ల మధ్య ఉంది, వైరు కొస ఇంకా వేళ్లకు చుట్టుకునే ఉంది. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. బాధపడినట్టు మొహంలో ఎక్కడా లేదు. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు కాగానే ఖననం చేద్దామన్నారు పెద్దలు. ఒంటికి చుట్టే కఫను గుడ్డ తేవడానికి మీటరన్న లేచాడు. తను ఉండగా వేరే ఎవరు తెస్తారు?

సేటు విని "ఇన్నాలిల్లాహ్" అని తల వంచుకున్నాడు. "కఫనుకు డబ్బు తీసుకుంటామా? మంచి తాను తియ్యి. ధారాళంగా కొయ్యి" అన్నాడు. మనసులోంచే అన్నాడు.

మీటరన్న అన్నిటికన్నా మెత్తటి తెల్ల తాను ఎంచి బల్లమీద దొర్లించాడు. బావ పొడుగు తెలుసు, ఎన్ని ముక్కలు కావాలో తెలుసు. కళ్లలో నీళ్లు నిండి కర్రమీద గీతలు కూడా అలుక్కుపోయాయి. చేతులు వాటికి తెలిసిన పని అవి చేసుకుపోయాయి.

వరండాలో దుప్పట్లు అడ్డుకట్టి స్నానం చేయించారు. మసీదు నుంచి వచ్చిన పెద్దాయన తడి చేతులు తుడుచుకుని, గుడ్డను ముక్కలుగా చించి పరిచాడు. మొదటి రెండు ముక్కలూ సరిపోయాయి. చివర మిగిలిన పెద్దముక్కలోనే, తల దగ్గరా పాదాల దగ్గరా దాటి ముడి వెయ్యాల్సిన దాంట్లోనే, తరుగంతా వచ్చి కూర్చుంది. తలవైపు లాగితే పాదాలు బయటపడ్డాయి. పాదాలు కప్పితే తలవైపు ముడికి అందలేదు. జానెడు తక్కువ.

"ఎక్కడ కోయించారు దీన్ని?" అని అడిగాడు పెద్దాయన.

పొడవాటి ఆ పాదాలు, మడమల పగుళ్లతో, అందరి ముందూ అలా ఉన్నాయి.

"నేనే కోశాను" అన్నాడు మీటరన్న. తల కొట్టేసినట్టయింది.

పెద్దాయన అతని మొహం చూసి ఇంకేమీ అడగలేదు. తన భుజంమీది తువ్వాలు తీసి ఆ పాదాలమీద కప్పాడు. "మనిషి పొడుగు కదా. ఇంకో ముక్క పట్టుకురా నాయనా, తొందరగా."

సందులో పరిగెత్తాడు. షాపులో కొనేవాళ్లు నిండుగా ఉన్నారు. అతను మళ్లీ అదే తాను దించుతుంటే సేటు ఆశ్చర్యపోయాడు.

"ఇందాకేగా కోశావు?"

"చాల్లేదు."

"అదేంటి, ఎందుకు చాలదు?"

"లాగాను" అన్నాడు మీటరన్న.

ఆ మాట ఆ షాపులో ఎవరూ ఎప్పుడూ అనలేదు. గుడ్డలు చూస్తున్నవాళ్లు తలెత్తారు. సేటు మొహం పాలిపోయింది. మీటరన్న కర్రను పక్కకు నెట్టేశాడు. గుడ్డను బల్లమీద వదులుగా పరిచి, రెండుచేతులూ పైకి తీసేసి, అది దానంతటది కుదురుకునేదాకా ఆగి, అప్పుడు కోశాడు. ఇప్పుడు కోసి ఏం లాభం అనిపించింది. అయినా కోశాడు.

ఖననమయ్యాక మట్టి చేతులతో అక్క ఇంటికి వచ్చాడు. రేపు దర్జీలను అడిగి, ఆ స్కూలు బట్టలామె ఇల్లు కనుక్కుని, గుడ్డ ఇచ్చి రావాలనుకున్నాడు. సేటు రానిస్తే షాపు నుంచి, లేకపోతే ఇంకో చోట కొని. ఆ మాటైనా చెప్పుకోవడానికి బావ లేడు. గదిలో ఆడవాళ్లు అక్క చుట్టూ కూర్చుని ఉన్నారు. అతన్ని చూసి కాస్త జరిగి చోటిచ్చారు.

"అక్కా, గుడ్డ చాల్లేదు. నా చేత్తోనే... నావల్లే."

"తెలుసురా" అంది అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. కోపం లేదు. "అప్పుడూ చాల్లేదు. నువ్వు పెట్టిన చొక్కా గుడ్డ, చేతులకు రాదన్నాడు దర్జీ. నీ దగ్గరకొచ్చి అడుగుతానంటే మీ బావే వద్దన్నాడు. మీ తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడే, తనే ఎప్పుడో చెబుతాడులే అన్నాడు."

మీటరన్న తలెత్తలేకపోయాడు. ఇన్నేళ్లూ తను వేసిన ఆ వేళాకోళాలన్నీ, వాటికి బావ నవ్విన నవ్వులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చాలాసేపటికి వరండావైపు చూశాడు.

సగం అల్లిన కుర్చీ పైన, గోడకు, మధ్యాహ్నం తగిలించిన మేకుకే నీలం చొక్కా వేలాడుతూ ఉంది, బూడిదరంగు చేతులు రెండూ కిందికి జారి, మణికట్ల దగ్గర మడతలు ఇంకా విప్పకుండా.