తుడవని ముక్కు

జలుబు మీద పీహెచ్‌డీ ఏమిటని యూనివర్సిటీలో సరోజినీదేవిని ఆటపట్టించని వాళ్ళు లేరు. గైడు జగన్నాథరావు గారైతే కలరా తీసుకోమని ముఖం మీదే చెప్పారు. ఆమె వినలేదు. మనుషులకు జలుబు తెచ్చే కరోనా వైరస్ అనేదొకటి ఉందని లోకానికి తెలిసి పదేళ్ళయినా కాలేదు. అది మన ఊళ్ళలో ఉందో లేదో చూసిన వాళ్ళు లేరు. తను చూడాలి, అంతే. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. చివరికి గైడుకి విసుగొచ్చి, ఈ చలికాలం నమూనాల్లో దొరక్కపోతే కలరాకి మారాల్సిందేనని తేల్చేశారు. మారితే ఇన్నేళ్ళ కష్టమూ గంగపాలే.

అందుకని 1974 చలికాలంలో సొంతూరు తిరువూరు వచ్చింది. రేపు వస్తానని ముందే కబురు పెట్టడం, పొద్దున్నే వెళ్ళి పిల్లల ముక్కులో కాసిని ఉప్పునీళ్ళు పోసి, తిరిగి కారిన నీళ్ళు సీసాలో పట్టడం, ఐసు డబ్బాతో బస్సెక్కి విజయవాడ, అక్కణ్ణుంచి రైల్లో విశాఖలో యూనివర్సిటీ ల్యాబుకి. రెండు విడతలు అలా తీసుకెళ్ళింది. రెండు సార్లూ ఏమీ దొరకలేదు. ఇంత జలుబున్న ఊళ్ళో ఒక్క క్రిమి లేకపోవడమేమిటని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడో విడతలో జట్కా తోలే హుస్సేన్ ఇంటికి చెప్పిన వేళ కంటే ముందే వెళ్ళింది. వాకిట్లో అతని భార్య మీరాబీ మూడేళ్ళ కూతురు మదార్‌బీకి పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టింది. వేణ్ణీళ్ళతో ముక్కు కడిగి, తళతళలాడేలా తుడిచి, పౌడరు కూడా అద్దుతోంది.

"చీమిడి ముక్కుతో మీ ముందుకి ఎట్టా తెస్తామండీ డాక్టరమ్మా? ఊళ్ళో అందరం ఇట్టాగే చేశాం" అంది మీరాబీ.

సరోజిని అరుగు మీద కూలబడింది. క్రిములన్నీ ఆ వేణ్ణీళ్ళతోనే కడుక్కుపోయాయి. ఊరి మర్యాదే ఆమె కొంప ముంచింది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. తన తల్లయినా అంతే చేసేది. ఈసారి పిల్లకి జలుబు చేస్తే తుడవకుండా, పొగ పెట్టకుండా ఉన్నదున్నట్టు తీసుకురమ్మని బతిమాలింది. మీరాబీ తలూపింది గానీ, ఆ ముఖం చూస్తే నమ్మకం కలగలేదు.

తర్వాతి వారం సంత రోజున మీరాబీ పిల్లను చంకనేసుకుని బజారంతా నడిచి సరోజిని ఇంటికి వచ్చింది. పిల్ల ముక్కు పై పెదవి దాకా కారుతోంది. మీరాబీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నువ్వు తల్లివేనా అని నలుగురూ తిట్టారమ్మా. ఎక్కడ తుడిచేస్తానోనని కొంగు చేతికి చుట్టుకుని మరీ వచ్చా. తుడవలా" అంది.

సరోజిని గబగబా నీళ్ళు పట్టి సీసా ఐసులో పెట్టింది. తర్వాత తన చీర కొంగుతో ఆ పిల్ల ముక్కు మెత్తగా తుడిచింది.

వేసవిలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో వచ్చింది. గుండ్రటి క్రిమి, చుట్టూ కిరీటంలా ముళ్ళు. జగన్నాథరావు గారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. కలరా ఊసెత్తలేదు. నమూనా ఎవరిదని అడిగారు.

"మీరాబీ గారి పాపది సార్. బజారంతా తిట్టినా ఆవిడ తుడవలేదు" అంది సరోజిని.